పాత కారులో యాంత్రిక లోపాలు, లీకేజీల నిర్ధారణ: లక్షణం నుంచి కారణానికి

వ్యాససంగ్రహం:

వాడిన కారులోని యాంత్రిక లోపాలు ద్రవం కారడం, పొగ, వేడెక్కడం, శబ్దం, పెడల్ స్పర్శలో మార్పు వంటి కొద్దిపాటి లక్షణాల రూపంలోనే బయటపడతాయి. ఒక్కొక్క లక్షణానికి కారణాలు మాత్రం అనేకం. లక్షణాన్ని చూసిన వెంటనే భాగాన్ని మార్చడం వల్ల డబ్బు వృథా కావడమే కాక, అసలు లోపం అలాగే మిగిలిపోతుంది. ఒకే లక్షణాన్ని కలిగించగల కారణాలను పరస్పరం వేరుచేసే చిన్న పరీక్షే నిర్ధారణకు ప్రాణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. భారతీయ తర్కశాస్త్రంలోని హేతువు, వ్యాప్తి, ఉపాధి, అన్వయవ్యతిరేకాల భావనలను ప్రాతిపదికగా తీసుకొని, లీకేజీలు, పొగ, ఇంజిన్ వేడి, శబ్దాలు, బ్రేకులు, కంప్యూటర్ కోడ్‌లు, వరదనీటి నష్టం అనే అంశాలను విశ్లేషిస్తుంది.

కీలక పదాలు: పాత కారు, లోప నిర్ధారణ, లీకేజీ, ఇంజిన్ ఆయిల్, కూలెంట్, అనుమాన ప్రమాణం, ఉపాధి, అన్వయవ్యతిరేకాలు.

1. ఉపోద్ఘాతం:

మధ్యతరగతి కుటుంబానికి ఇల్లు, పెళ్లి, చదువుల తరువాత పెద్ద ఖర్చు కారు. కొత్తది కొనలేనివారు పాత కారు వైపు చూస్తారు. అమ్మేవారికి ఆ వాహనం చరిత్ర తెలుసు. కొనేవారికి తెలిసేది ఆ పూట కనిపించినంత మాత్రమే. కడిగి, తుడిచి, మెరుగుపెట్టి నిలబెట్టిన వాహనం చుట్టూ ఒకసారి తిరిగి, టైర్లను కాలితో తట్టి, నాలుగు కిలోమీటర్లు నడిపి బేరం కుదుర్చుకోవడం పరిపాటి.

చట్టం కూడా ఈ సందర్భంలో కొనుగోలుదారు జాగ్రత్తనే ముందు నిలుపుతుంది. 1930 నాటి వస్తు విక్రయ చట్టం 16వ సెక్షన్ ప్రకారం, అమ్మిన సరుకు నాణ్యతపై సాధారణంగా అంతర్లీన హామీ ఉండదు. దానికి కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వర్ణనను బట్టి వ్యాపారి నుంచి కొన్న సరుకు అమ్మకయోగ్యంగా ఉండాలన్నది వాటిలో ఒకటి. అయితే కొనుగోలుదారు సరుకును పరిశీలించి ఉంటే, ఆ పరిశీలనలో బయటపడి ఉండవలసిన లోపాలకు ఆ రక్షణ వర్తించదు. అంటే చూడటం ఎంత ముఖ్యమో, చూసినదాన్ని అర్థం చేసుకోవడమూ అంతే ముఖ్యం.

కొన్న తరువాత సమస్య మరో రూపం తీసుకుంటుంది. కారు కింద నూనె మరక కనిపిస్తే ఒక షెడ్డులో ఆయిల్ సీల్ మార్చాలంటారు. మరొక షెడ్డులో ఇంజిన్ విప్పాలంటారు. ఈ రెండు మాటల్లో ఏది నిజమో తేల్చే పద్ధతి యజమానికి తెలియదు. మెకానిక్ చిత్తశుద్ధితో పనిచేసినా, అవసరమైన పరీక్ష చేయకుండా చెప్పిన తీర్పు ఊహగానే మిగులుతుంది. ఆ ఊహ తప్పితే భారం యజమానిపై పడుతుంది. చెడ్డపేరు మెకానిక్‌కు మిగులుతుంది. లోపం బ్రేకులదైతే ప్రాణాలకే ముప్పు. ఈ వ్యాసం యజమానిని మెకానిక్‌గా మార్చాలని ఉద్దేశించదు. లక్షణం నుంచి కారణాన్ని చేరే మార్గంలో ఎక్కడ పొరపాటు జరుగుతుందో, దాన్ని ఏ పరీక్ష సరిదిద్దుతుందో వివరించడమే దీని లక్ష్యం.

2. నిర్ధారణకు తార్కిక ప్రాతిపదిక:

పొగను చూసి నిప్పును ఊహించడం భారతీయ తర్కశాస్త్రంలో అనుమాన ప్రమాణానికి ప్రసిద్ధ దృష్టాంతం. ఆంధ్రదేశీయుడైన అన్నంభట్టు రచించిన ‘తర్కసంగ్రహం’ చదివే విద్యార్థికి ఈ దృష్టాంతం సుపరిచితం. అందులో కొండ పక్షం, నిప్పు సాధ్యం, పొగ హేతువు. పొగ ఉన్నచోటల్లా నిప్పు ఉంటుందనే నియత సంబంధం వ్యాప్తి. లోప నిర్ధారణలోనూ ఇదే నిర్మాణం కనిపిస్తుంది. వాహనం పక్షం, లోపం సాధ్యం, కంటికో, చెవికో, ముక్కుకో తెలిసే లక్షణం హేతువు.

చిక్కు వ్యాప్తి దగ్గర ఏర్పడుతుంది. ఇంజిన్ వేడెక్కిందంటే రేడియేటర్ చెడిపోయిందని అనుకోవడం సర్వసాధారణం. కానీ రేడియేటర్ బాగున్న వాహనాల్లోనూ ఇంజిన్ వేడెక్కుతుంది. సాధ్యం లేనిచోట కూడా ఉండే ఇటువంటి హేతువును తార్కికులు సవ్యభిచారమనే హేత్వాభాసగా పరిగణించారు. షెడ్డులో జరిగే తప్పుడు నిర్ణయాలలో చాలావరకు ఈ కోవకు చెందినవే.

దీనికి విరుగుడును కూడా అదే శాస్త్రం సూచిస్తుంది. నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉంటుందని అనలేం. ఎర్రగా కాలిన ఇనుములో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే తడి కట్టెతో సంయోగం అవసరం. ఆ అదనపు నియమాన్ని ఉపాధి అన్నారు. వాహనం విషయంలో ‘లక్షణం ఎప్పుడు కనిపిస్తుంది, ఎప్పుడు కనిపించదు’ అనే ప్రశ్న ఈ భావనకు చాలా దగ్గరగా ఉంటుంది. ట్రాఫిక్‌లో నిలిచినప్పుడు మాత్రమే ఇంజిన్ వేడెక్కితే కారణం ఒకటి. రహదారిపై వేగంగా పోతున్నప్పుడు మాత్రమే వేడెక్కితే కారణం వేరు. లక్షణం ఒకటే అయినా అది కనిపించే నియమం కారణాన్ని పట్టిస్తుంది.

రెండవ సాధనం అన్వయవ్యతిరేకం. ఒకటి ఉంటే మరొకటి ఉండటం అన్వయం. ఒకటి లేకపోతే మరొకటి లేకపోవడం వ్యతిరేకం. అనుమానించిన భాగాన్ని మరో చోటికి మార్చి, లోపం కూడా దానితోపాటు తరలిందా అని చూడటం దీనికి యాంత్రిక రూపం. ఈ వ్యాసంలో ఇకపై చర్చించే పరీక్షలన్నీ ఈ రెండు సాధనాలకు ఉదాహరణలే.

3. ద్రవాల లీకేజీ:

3.1 ఏ ద్రవం?

కారు కింద తడి కనిపించగానే తేల్చవలసిన మొదటి విషయం అది ఏ ద్రవమన్నది. రాత్రి కారు నిలిపే చోట శుభ్రమైన తెల్లని అట్టముక్క పరిచి, దానిపై చక్రాల స్థానాలను గుర్తుపెట్టి, తెల్లవారి చూస్తే రంగు, వాసన, చిక్కదనం, కారిన చోటు ఒకేసారి తెలుస్తాయి.

ఇంజిన్ ఆయిల్ కొత్తదైతే తేనెరంగులో, వాడినదైతే గోధుమ లేదా నలుపు రంగులో జిడ్డుగా ఉంటుంది. డీజిల్ ఇంజిన్లలో మసి కలవడం వల్ల ఆయిల్ మార్చిన కొద్ది రోజులకే నల్లబడుతుంది. నలుపు ఒక్కటే లోపానికి గుర్తు కాదు. కూలెంట్ ఆకుపచ్చ, గులాబీ, ఎరుపు, నీలం వంటి రంగుల్లో ఉంటుంది. నీటికంటే కొంచెం జారుడుగా, తియ్యని వాసనతో ఉంటుంది. అందులో సాధారణంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషపదార్థం కనుక రుచి చూడరాదు; పిల్లలకు, పెంపుడు జంతువులకు అందనీయరాదు. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్ చాలావరకు ఎర్రగా ఉంటుంది. మాన్యువల్ గేర్‌బాక్స్ ఆయిల్ చిక్కగా, గంధకపు వాసనతో ఉంటుంది. బ్రేక్ ఆయిల్ లేత పసుపు రంగులో పలుచగా ఉండి, తగిలిన చోట పెయింట్‌ను దెబ్బతీస్తుంది. పెట్రోల్ మరక మిగల్చకుండా ఆవిరైపోతుంది కానీ వాసన దాగదు. అటువంటి వాసన వస్తే స్టార్ట్ చేయకుండా, దగ్గర్లో నిప్పు లేకుండా చూసుకోవడం మొదటి పని.

ఏసీ వేసినప్పుడు కారు కింద కారే రంగూ వాసనా లేని నీరు లోపం కాదు. గాలిలోని తేమ చల్లబడి బయటికి పోవడమే దానికి కారణం. ఏసీ వేసినా బయట నీరు కారకుండా లోపలి కార్పెట్ తడుస్తుంటేనే ఆ గొట్టం మూసుకుపోయిందని అనుమానించాలి. అదే తడి జారుడుగా, తియ్యని వాసనతో ఉండి, అద్దాలపై జిగురు పొర పేరుకుంటుంటే హీటర్‌లోని కూలెంట్ కారుతున్నట్లు. తడి ఒకటే, దాన్ని వేరుచేసేది వాసన, స్పర్శ.

3.2 ఎక్కడి నుంచి?

ద్రవాన్ని గుర్తించిన తరువాత మూలాన్ని వెతకాలి. ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. ద్రవం కిందికి పారుతుంది. వాహనం నడుస్తున్నప్పుడు గాలి దాన్ని వెనక్కి నెడుతుంది. కాబట్టి బొట్టు రాలే చోటు లీకయ్యే చోటు కాకపోవచ్చు. తడిసిన భాగంలో అన్నింటికంటే ఎత్తుగా, ముందుగా ఉన్న బిందువునే మూలంగా అనుమానించాలి.

ఇంజిన్, గేర్‌బాక్స్ కలిసే చోటు నుంచి నూనె బొట్లు రాలుతున్న సందర్భాన్ని పరిశీలించవచ్చు. అక్కడ కనిపించే నూనెకు మొదట గుర్తుకొచ్చే కారణం క్రాంక్ షాఫ్ట్ వెనుక ఆయిల్ సీల్. దాన్ని మార్చాలంటే గేర్‌బాక్స్‌ను దించాలి. సీల్ ధర స్వల్పం, కూలి అధికం. కానీ ఇంజిన్ పైభాగాన ఉండే ట్యాపెట్ కవర్ ప్యాకింగ్ గట్టిపడి పగిలినా, నూనె ఇంజిన్ వెనుక గోడ మీదుగా జారి సరిగ్గా అదే చోటుకు చేరుతుంది. ఆ ప్యాకింగ్ మార్చడానికి గేర్‌బాక్స్‌తో పనిలేదు. పరీక్ష ఏమిటంటే ఇంజిన్ బయటి భాగాన్ని పూర్తిగా శుభ్రం చేసి, ఆరబెట్టి, కొంతదూరం నడిపి, పైనుంచి కిందికి టార్చిలైటుతో చూడటం. పైభాగం పొడిగా ఉండి కీలు దగ్గర మాత్రమే తడి కనిపిస్తే వెనుక సీల్‌ను అనుమానించాలి. పైనుంచి చార కనిపిస్తే కారణం పైనే ఉంది. అప్పటికీ తేలకపోతే అతినీలలోహిత కాంతిలో మెరిసే రంగును ఆయిల్‌లో కలిపి మూలాన్ని కనుగొనే పద్ధతి ఉంది. ఒక గంట శ్రమ అనవసరంగా గేర్‌బాక్స్ దించడాన్ని నివారిస్తుంది.

సీల్ నిజంగానే కారుతున్నప్పటికీ ప్రశ్న ముగియదు. క్రాంక్ గదిలో చేరే వాయువులను బయటికి పంపే బ్రీదర్ గొట్టం లేదా దాని వాల్వు మూసుకుపోతే లోపలి ఒత్తిడి పెరిగి, బలహీనంగా ఉన్న సీళ్ల గుండా నూనెను నెడుతుంది. బ్రీదర్‌ను శుభ్రం చేయకుండా కొత్త సీల్ వేస్తే అదీ కొన్నాళ్లకు కారుతుంది. కారణానికి వెనుక ఉన్న కారణాన్ని పట్టుకోకపోతే మరమ్మతు పునరావృతమవుతుంది.

చక్రం లోపలి వైపు తడి కనిపిస్తే అది బ్రేక్ ఆయిల్ కావచ్చు, షాక్ అబ్జార్బర్ నూనె కావచ్చు, యాక్సిల్ ఆయిల్ సీల్ నుంచి కారే గేర్ ఆయిల్ కావచ్చు. షాక్ అబ్జార్బర్ విషయంలో తడి దాని గొట్టంపైనే జిడ్డుగా పేరుకుంటుంది. యాక్సిల్ రబ్బరు బూటు చిరిగితే నూనె కాక గ్రీజు చక్రం లోపలి అంచున చిమ్మినట్లు కనిపిస్తుంది. బ్రేక్ ఆయిల్ అని తేలితే లీకేజీ ఎంత స్వల్పమైనా వాహనాన్ని నడపరాదు.

3.3 కనిపించని లీకేజీ:

కింద చుక్క కనిపించకుండానే ద్రవం తగ్గవచ్చు. వేడి ఇంజిన్‌పై పడిన కూలెంట్ వెంటనే ఆవిరై, రంగు పొడిచారను మాత్రమే మిగులుస్తుంది. వాటర్ పంప్ అడుగున ఉండే చిన్న రంధ్రం చుట్టూ అటువంటి చార ఉంటే పంప్ సీల్ పాడైనట్లే. చార కూడా లేకుండా కూలెంట్ తగ్గుతుంటే అది ఇంజిన్‌లోనే కాలిపోతోందేమో చూడాలి. నూనె విషయంలోనూ అంతే: బయట తడి లేకుండా డిప్‌స్టిక్ మట్టం పడిపోతుంటే నూనె కాలుతున్నట్లు. ఈ అనుమానాన్ని తేల్చేది సైలెన్సర్ పొగ.

4. పొగ:

తర్కశాస్త్రంలో పొగ నిప్పుకు హేతువు. వాహనంలో నిప్పు ఉందని ముందే తెలుసు; ఏది కాలుతోందన్నదే ప్రశ్న. దానికి రంగు మొదటి సూచన.

చలికాలపు ఉదయం స్టార్ట్ చేసినప్పుడు కనిపించి, కొద్ది నిమిషాలలో మాయమయ్యే పలుచని తెల్లని ఆవిరి సహజం. ఇంజిన్ వేడెక్కిన తరువాత కూడా దట్టంగా, తియ్యని వాసనతో వచ్చే తెల్లపొగ కూలెంట్ కాలుతోందని సూచిస్తుంది. హెడ్ గాస్కెట్ కాలిపోవడం లేదా సిలిండర్ హెడ్ పగలడం దానికి ప్రధాన కారణాలు. డీజిల్ వాహనంలో మండని డీజిల్ కూడా తెల్లపొగగా వస్తుంది. డీజిల్ వాసన, కంటి మంట దాన్ని వేరుచేస్తాయి.

నీలిపొగ ఇంజిన్ ఆయిల్ కాలడానికి గుర్తు. అది ఎప్పుడు వస్తుందన్నది ఇక్కడ ఉపాధి. రాత్రంతా నిలిపి ఉదయం స్టార్ట్ చేయగానే ఒక్కసారి నీలిపొగ వచ్చి ఆగిపోతే, వాల్వు సీళ్ల గుండా నూనె బొట్లు బొట్లుగా దిగినట్లు. బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు, యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు ఎడతెగకుండా వస్తే పిస్టన్ రింగులు, సిలిండర్ బోరు అరిగినట్లు అనుమానించాలి. టర్బో ఉన్న వాహనంలో టర్బో సీల్ లోపాన్ని కూడా ఈ జాబితాలో చేర్చాలి. వాల్వు సీళ్ల మార్పు, ఇంజిన్ బోరు పని ఖర్చులో పోల్చదగినవి కావు. ‘నీలిపొగ వస్తోంది కాబట్టి ఇంజిన్ బోరుకొచ్చింది’ అన్న తీర్పును పరీక్ష లేకుండా అంగీకరించరాదు.

ఆ పరీక్ష కంప్రెషన్ కొలత. ఒక సిలిండర్‌లో ఒత్తిడి తక్కువగా ఉన్నప్పుడు అందులో చెంచాడు ఇంజిన్ ఆయిల్ పోసి మళ్లీ కొలుస్తారు. నూనె రింగుల సందులను తాత్కాలికంగా మూస్తుంది. ఒత్తిడి గమనార్హంగా పెరిగితే లోపం రింగుల వద్ద; పెరగకపోతే వాల్వుల వద్ద లేదా హెడ్ గాస్కెట్ వద్ద. పక్కపక్కనే ఉన్న రెండు సిలిండర్లలో ఒత్తిడి పడిపోతే వాటి మధ్య గాస్కెట్ కాలి ఉండే అవకాశం ఎక్కువ. షెడ్డు పరిభాషలో ‘బ్యాక్ కంప్రెషన్’ అనేది కూడా ఇక్కడ ఉపయోగపడుతుంది. నడుస్తున్న ఇంజిన్ ఆయిల్ మూతను జాగ్రత్తగా తీసినప్పుడు పొగ బలంగా తన్నుకొస్తే రింగుల గుండా వాయువులు కిందికి దిగుతున్నట్లు. అయితే బ్రీదర్ మూసుకుపోయినా ఇలాగే కనిపించవచ్చు కాబట్టి దాన్ని ముందు చూడాలి.

నల్లపొగ ఇంధనం ఎక్కువై గాలి తక్కువైనప్పుడు వస్తుంది. ఎయిర్ ఫిల్టర్ మూసుకుపోవడం, ఇంజెక్టర్ లోపం, టర్బో గొట్టం చిరగడం, పెట్రోల్ వాహనంలో సెన్సార్ తప్పుడు సమాచారం వంటివి కారణాలు. వీటిలో అన్నింటికంటే చవకైనది, సులువైనది ఎయిర్ ఫిల్టర్ పరిశీలన కనుక అక్కడే మొదలుపెట్టాలి.

5. ఇంజిన్ వేడెక్కడం:

శీతలీకరణ వ్యవస్థ ఒత్తిడిలో పనిచేస్తుంది. రేడియేటర్ మూత వాతావరణ పీడనానికి అదనంగా సుమారు మరో వాతావరణ పీడనాన్ని నిలిపి ఉంచితే, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరగవలసిన నీరు సుమారు 120 డిగ్రీల వరకు మరగదు. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఆ ఒత్తిడి ఒక్కసారిగా తగ్గి, నీరు భగ్గున ఆవిరై ముఖంపైకి చిమ్ముతుంది. మూత సీల్ పాడైతే ఒత్తిడి నిలవదు. లీకేజీ లేకపోయినా నీరు త్వరగా మరుగుతుంది. అల్పమైన ఈ మూతను చూడకుండా రేడియేటర్‌ను మార్చడం తరచూ జరిగే పొరపాటు.

ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు కూలెంట్ మట్టం సరిగా ఉందని తేలిన తరువాత, నియమాన్ని బట్టి కారణాలను విడదీయాలి. నిలిచినప్పుడు, నెమ్మదిగా పోతున్నప్పుడు వేడెక్కి, వేగం అందుకోగానే తగ్గితే ఫ్యాన్, దాని రిలే లేదా సెన్సార్ లోపం. ఎందుకంటే వేగంలో ఎదురుగాలి ఫ్యాన్ పని చేస్తుంది. నిలిచినప్పుడు బాగుండి, వేగంలోనూ ఎత్తుల్లోనూ వేడెక్కితే ప్రవాహం చాలడం లేదు. రేడియేటర్ పూడుకుపోవడం, వాటర్ పంప్ రెక్కలు అరగడం అనుమానితాలు. స్టార్ట్ చేసిన కొద్దిసేపటికే వేడి సూచిక పైకి పోయి, పైగొట్టం వేడిగా, కిందిగొట్టం చల్లగా ఉంటే థర్మోస్టాట్ తెరుచుకోకపోవడమో, రేడియేటర్ మూసుకుపోవడమో కారణం.

ఇంజిన్ ఇంకా చల్లగా ఉండగానే గొట్టం రాయిలా బిగుసుకోవడం, కూలెంట్ డబ్బాలో బుడగలు ఆగకుండా రావడం హెడ్ గాస్కెట్ లోపానికి సూచనలు. దహన వాయువు తగిలితే నీలం నుంచి పసుపుకు మారే రసాయన ద్రవంతో దీన్ని నిర్ధారించవచ్చు. ఆయిల్ మూత లోపలి వైపు పాలమీగడలాంటి పొర కనిపించడం కూడా ఈ లోపాన్ని సూచిస్తుందంటారు. కానీ రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే వాహనంలో చల్లని మూతకు పట్టే తేమ కూడా అటువంటి పొరనే ఏర్పరుస్తుంది. డిప్‌స్టిక్‌పై ఆయిల్ స్వచ్ఛంగా ఉండి, కూలెంట్ తగ్గకపోతే అది తేమ మాత్రమే. ఇది సవ్యభిచార హేతువుకు చక్కని ఉదాహరణ.

6. శబ్దాలు:

శబ్దాన్ని బట్టి లోపాన్ని తెలుసుకోవడంలో అనుభవజ్ఞుడైన మెకానిక్ చెవికి సాటిలేదు. పొడవాటి స్క్రూడ్రైవర్ కొనను ఇంజిన్ భాగానికి ఆనించి, పిడిని చెవి దగ్గర పెట్టుకొని వినడం షెడ్డులో స్టెతస్కోపుతో సమానం. శబ్దం దేనితో మారుతుందో గమనించడమే ఇక్కడి సూత్రం. ఇంజిన్ వేగంతో మారే శబ్దం ఇంజిన్‌ది. గేరు తీసి దొర్లించినా వాహన వేగంతోపాటు కొనసాగేది చక్రాలది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి మలుపు తీసుకుంటున్నప్పుడు టకటకమంటే యాక్సిల్ బయటి జాయింట్. వేగంతో పెరిగే ఊళ, వాహనాన్ని ఒకవైపు మళ్లించినప్పుడు ఎక్కువై మరోవైపు తగ్గితే వీల్ బేరింగ్. సాధారణంగా బరువు పడిన వైపు బేరింగ్ ఎక్కువ శబ్దం చేస్తుంది. టైరు అసమానంగా అరిగినా అటువంటి ఊళే వస్తుంది కనుక, ముందు టైర్లను అటూ ఇటూ మార్చి శబ్దం తరలిందేమో చూడటం అన్వయవ్యతిరేక పరీక్ష.

7. బ్రేకులు:

బ్రేక్ ఆయిల్ మట్టం తగ్గడానికి రెండు కారణాలున్నాయి: లీకేజీ, ప్యాడ్ల అరుగుదల. ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరిగి, వాటి వెనుక ఖాళీని ద్రవం నింపుతుంది. ప్యాడ్ల మందం చూడకుండా ఆయిల్ నింపడం లక్షణాన్ని మాత్రమే మరుగుపరుస్తుంది. ప్యాడ్లు మందంగా ఉండి మట్టం తగ్గితే లీకేజీ తప్పదు.

పెడల్ స్పర్శ మరో సూచిక. స్పాంజిలా మెత్తగా ఉండి, రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడితే గొట్టాలలో గాలి చేరి ఉండవచ్చు. గట్టిగా నొక్కి పట్టుకున్నప్పుడు మెల్లగా నేలకు దిగిపోతే, బయట తడి లేకపోయినా మాస్టర్ సిలిండర్ లోపలి సీల్ వదులుతున్నట్లు. ఇంజిన్ ఆపి పెడల్‌ను నాలుగైదుసార్లు తొక్కి, నొక్కి పట్టుకొని స్టార్ట్ చేసినప్పుడు పెడల్ కొద్దిగా కిందికి దిగాలి. దిగకపోతే బూస్టర్ పనిచేయడం లేదు.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-4 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం మరిగే ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీలు. ప్రమాణం నిర్దేశించిన మేరకు తేమ చేరిన తరువాత ఆ కనీసం 155 డిగ్రీలే. ఘాట్ రోడ్డు దిగుతూ అదేపనిగా బ్రేకు తొక్కినప్పుడు పాత ద్రవం మరిగి, గొట్టాలలో ఆవిరి చేరి, పెడల్ చేతకాకుండా పోతుంది. ఊళ్లో తిరిగినప్పుడు బాగున్న బ్రేకులు ఘాట్‌లో మొరాయించడానికి ఇదొక ముఖ్య కారణం.

8. కంప్యూటర్ కోడ్‌ల పరిమితి:

అమెరికాలో 1996 మోడల్ కార్లతో తప్పనిసరైన రెండవతరం ఆన్‌బోర్డ్ నిర్ధారణ పద్ధతి లోపాలకు ప్రామాణిక కోడ్‌లను ఏర్పరచింది. నేడు భారతదేశంలో అమ్ముడయ్యే కార్లలోనూ స్కానర్‌తో ఇటువంటి కోడ్‌లు చదవవచ్చు. అయితే కోడ్ కూడా ఒక లక్షణమే, తీర్పు కాదు. పి0301 అంటే మొదటి సిలిండర్ సరిగా మండటం లేదని మాత్రమే. కారణం కాయిల్ కావచ్చు, ప్లగ్ కావచ్చు, ఇంజెక్టర్ కావచ్చు, కంప్రెషన్ లోపం కావచ్చు. విడివిడి కాయిల్స్ ఉన్న ఇంజిన్‌లో మొదటి, రెండవ సిలిండర్ల కాయిల్స్‌ను పరస్పరం మార్చి నడిపితే కోడ్ పి0302గా మారిందా అని చూడాలి. మారితే కాయిల్ దోషి. మారకపోతే ప్లగ్‌తో అదే పరీక్ష చేయాలి. ఖర్చు లేని ఈ పరీక్ష చేయకుండా నాలుగు కాయిల్స్ మార్చడం నిర్ధారణ అనిపించుకోదు.

అమ్మేముందు కోడ్‌లను చెరిపివేయవచ్చని కొనేవారు గుర్తుంచుకోవాలి. చెరిపిన తరువాత వాహనం కొంతకాలం నడిచేదాకా స్వయంపరీక్షలు అసంపూర్ణంగా ఉన్నట్లు స్కానర్ చూపుతుంది. ఇంజిన్ హెచ్చరిక దీపం తాళం తిప్పగానే వెలిగి, స్టార్ట్ అయ్యాక ఆరాలి. అసలే వెలగకపోతే దీపాన్నే తప్పించి ఉండవచ్చు.

9. వరదనీటిలో మునిగిన వాహనాలు:

చెన్నైలో 2015 డిసెంబరు, హైదరాబాదులో 2020 అక్టోబరు, విజయవాడలో 2024 సెప్టెంబరు వరదల్లో అనేక వాహనాలు నీట మునిగాయి. అటువంటి వాహనం శుభ్రపడి మార్కెట్‌కు వస్తే బయటి రూపం ఏమీ చెప్పదు. సీటు కింద పట్టాల తుప్పు, కార్పెట్ అడుగున సన్నని ఒండ్రు, సీటు బెల్టును చివరిదాకా లాగినప్పుడు కనిపించే నీటి చార, దీపాల లోపల తేమ, పోని ముక్కవాసన దాని గతాన్ని చెబుతాయి. వీటిలో ఏ ఒక్కటీ రుజువు కాదు. రెండు మూడు కలిస్తే అనుమానం బలపడుతుంది.

నీటిలో మునిగిన ఇంజిన్‌ను స్టార్ట్ చేయడం వల్ల కలిగే నష్టం మరింత గాఢం. గాలిలా నీరు నొక్కుకుపోదు. సిలిండర్‌లో నీరు ఉండగా పిస్టన్ పైకి వస్తే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. స్వల్పంగా వంగిన రాడ్‌తో ఇంజిన్ కొంతకాలం నడవవచ్చు; ఆ సిలిండర్‌లో కంప్రెషన్ తగ్గి ఉంటుంది. నాలుగవ విభాగంలోని కంప్రెషన్ పరీక్ష ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది.

10. పరిశీలన క్రమం:

పై పరీక్షలకు ఒక క్రమం అవసరం. మొదటి నియమం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు చూడటం. కొనుగోలుదారు వచ్చేసరికే ఇంజిన్ వేడిగా ఉంటే తొలి స్టార్ట్‌లో వచ్చే నీలిపొగ, చల్లని ఇంజిన్ శబ్దం, స్టార్టింగ్ కష్టం మరుగున పడిపోతాయి. ముందే ఇంజిన్ కడిగి ఉంటే లీకేజీ జాడలు ఉండవు. అటువంటప్పుడు కొంతదూరం నడిపి మళ్లీ కింద చూడాలి. చల్లని స్థితిలో ద్రవాల మట్టాలు, ఆపై తొలి స్టార్ట్, నిలిపి ఉంచి నడపడం, బ్రేక్ పెడల్ పరీక్ష, ట్రాఫిక్‌లో ప్రయాణం, రహదారి వేగం, తిరిగొచ్చాక కారు కింద పరిశీలన అనే వరుస పాటిస్తే ప్రతి ఉపాధీ ఒక్కసారైనా ఎదురవుతుంది.

11. ముగింపు:

పై పరిశీలన ద్వారా తేలిన అంశాలు:

• లీకేజీ, పొగ, వేడి, శబ్దం వంటి లక్షణాలు ఒక్కొక్కటీ అనేక కారణాలకు సామాన్యం. లక్షణం ఒక్కదానితో భాగాన్ని దోషిగా నిలపడం హేత్వాభాస.

• లక్షణం కనిపించే, కనిపించని నియమాలను నమోదు చేయడం వల్ల కారణాల సంఖ్య వేగంగా తగ్గుతుంది. ఫ్యాన్, రేడియేటర్ లోపాలను, వాల్వు సీళ్లు, రింగుల లోపాలను వేరుచేసేవి ఆ నియమాలే.

• భాగాలను పరస్పరం మార్చి చూడటం, శుభ్రం చేసి మళ్లీ పరిశీలించడం వంటి ఖర్చులేని పరీక్షలు విప్పదీసే పనులకు ముందు జరగాలి.

• పాలమీగడ పొర, డీజిల్ ఇంజిన్ నల్లని ఆయిల్, ఏసీ నీరు, చలికాలపు తెల్లని ఆవిరి వంటి సహజ విషయాలను లోపాలుగా భ్రమించడం కూడా నష్టదాయకమే.

• బ్రేక్ ఆయిల్, ఇంధనాల లీకేజీ విషయంలో కారణం తేలేదాకా వాహనాన్ని నడపకపోవడమే సరైన నిర్ణయం.

షెడ్డులో యజమాని అడగవలసిన ప్రశ్న ‘ఎంతవుతుంది’ అన్నది మాత్రమే కాదు. ‘ఇదేనని ఎలా తేలింది’ అన్నది కూడా. ఆ ప్రశ్నకు పరీక్షతో జవాబు చెప్పగల మెకానిక్ ఉన్నచోట వాహనానికీ, ప్రయాణికునికీ, ఆ వృత్తి గౌరవానికీ భద్రత ఉంటుంది.